పాలమూరు జిల్లాల కలెక్టర్లకు: ‘అవగాహన లేదు’ అని రాసే ముందు

నారాయణపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు నమస్కారాలు.

నేను నారాయణపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఇరవై ఏళ్లు దాటింది. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం ఉంటుంది, టీకా గురించి అందులోనే వస్తుంది. ఈ వానాకాలం సరిగ్గా ఆ పాఠం నడుస్తున్న రోజుల్లో మా క్లాసు పిల్ల ఒకతి పది రోజులు బడికి రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కుందామని వాళ్ల ఇంటికి పోయాను. తమ్ముడికి తట్టు పోసింది. పిల్లాడికి పదమూడు నెలలు. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. నానమ్మ పొయ్యి మీద తాలింపు కూడా పెట్టడం లేదు. తల్లి బిడ్డను తొడ మీద వేసుకుని కూర్చుంది. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, దగ్గుతుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి.

ముందు బిడ్డను మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పంపించాం. నిమ్ము చేసిందన్నారు. తొమ్మిది రోజులు ఉంచుకుని పంపారు, బతికాడు. నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి.

వాళ్లు తిరిగొచ్చాక టీకాల కార్డు చూపించమన్నాను. ఆధార్, రేషన్ కార్డులతో కలిపి ఒక పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ కవర్‌కు రబ్బరు బ్యాండు వేసి, దూలానికి చెక్కి దాచింది ఆ తల్లి. అంత జాగ్రత్తగా దాచిన కార్డు అది. తెరిస్తే పుట్టినప్పటి టీకాల తేదీలు ఉన్నాయి. ఆరు వారాలప్పటివి ఉన్నాయి. పది వారాల గడి ఖాళీ. పద్నాలుగు వారాలది ఖాళీ. తట్టు, రుబెల్లా రాకుండా తొమ్మిది నెలలకు వేయాల్సిన ఎమ్మార్ టీకా గడి ఖాళీ. ఎందుకమ్మా వేయించలేదు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, ఆ గడుల్లో అచ్చు వేసిన టీకాల పేర్ల మీద వేలు పెట్టి, “అన్నిట్ల రాసే ఉన్నది కద మేడం, అన్నీ అయిపోయినయనే అనుకున్న” అంది.

ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, నాకు ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదు. అక్షరం రాని మనిషికి ప్రెస్సులో కొట్టిన అక్షరం, నర్సమ్మ పెన్నుతో రాసిన తేదీ రెండూ ఒక్కటే. గడి నిండుగా కనిపిస్తే పని అయినట్టే. ఆ ఇంట్లో కార్డు చదవగలిగిన ఒకే ఒక్క మనిషి నా స్టూడెంటు. ఆ నెలల్లో ఆ పిల్ల నానమ్మ దగ్గర ఊళ్లో ఉంది. కార్డేమో కూలికి వలస పోయిన తల్లి వెంట పూణెలో ఉంది.

ఖాళీ గడుల తేదీలను ఆ పిల్లతోనే లెక్క కట్టించాను. దీపావళి పోయాక, కూలీలను సైట్లకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బస్సెక్కారు, పీర్ల పండుగకు వచ్చారు. వాళ్లు పూణెలో సైటు మీద ఉన్న నెలలే కార్డులో ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పకుండా.

మండల మీటింగుల్లో మమ్మల్ని కూర్చోబెట్టినప్పుడల్లా ఒక మాట వింటుంటాను. “తల్లిదండ్రుల్లో అవగాహన లోపం.” టీకా పడని బిడ్డ పేరు ఎదురుగా ఆ మాట రాస్తే, లేదా “వలస” అని రాస్తే, ఆ వరుస అక్కడితో ముగిసిపోతుంది. ఇక ఎవరూ అడగరు. ఆ మాట రాసే ముందు ఒక్కసారి ఆగమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ తల్లికి సూది మంచిదని తెలుసు. తెలుసు కాబట్టే కార్డును బంగారంలా దాచింది. ఆమెకు లేనివి మూడు: చదువు, ఆ పూట కూలి వదులుకునే ధైర్యం, బిడ్డకు సరిపడా పప్పు. ఈ మూడూ నేరుగా రోగనిరోధక శక్తిలోకి వెళ్తాయి. ఎలాగో నాకు తెలిసినంతలో చెప్తాను. మీలో డాక్టర్లు ఉన్నారు, వాళ్లకు తెలిసినవే. అయినా చెప్తాను.

మొదట కూలి సంగతి. మన దగ్గర టీకాలు బుధవారం, శనివారం వేస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లకైతే ఆశమ్మ ముందురోజే చెప్పి పోతుంది. అయినా పత్తి ఏరే రోజుల్లో ఒక పూట పోతే ఎన్ని కిలోలు పోతాయో అంత పైసలు పోతాయి. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేయించాక బిడ్డకు జ్వరం వస్తే తెల్లారి కూడా పనికి పోవడం కుదరదు. బడి టీచరునైన నాకు ఆ రోజు జీతం కోయని సెలవు, సీఎల్, ఉంటుంది. టీకా ఉచితమే, కానీ ఆమె దాన్ని రెండు రోజుల కూలి పెట్టి కొనుక్కుంటుంది. సైటు మీద ఇంకా కష్టం. అడ్వాన్సు తీసుకున్న జంటలో ఒకరు పని మానితే మేస్త్రీ లెక్కలో కోత పడుతుంది. “బయటికి పోతే ఎటు పోవాల్నో తెల్వది, మన మాట వచ్చెటోళ్లు లేరు” అంది ఆమె. దేశంలో ఏ సర్కారు దవాఖానలోనైనా, ఏ ఊరి బిడ్డకైనా ఈ టీకాలు ఉచితంగా వేయాల్సిందే. ఆ సంగతి ఆమెకు బస్సెక్కే ముందు చెప్పినవాళ్లు లేరు.

పీర్ల పండుగకు వచ్చినప్పుడు బిడ్డకు పదకొండు నెలలు. అప్పుడు ఒక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. ఏదో నేను రాయను. రాస్తే అక్కడ పనిచేసే చిన్న ఉద్యోగి మీద పడుతుంది తప్ప ఇంకేమీ జరగదు. “ఇన్ని నెలలు ఏడికి పోయినవ్? గిప్పుడొస్తే ఎట్ల ఏస్తం?” అని నలుగురిలో కసురుకుని వచ్చే బుధవారం రమ్మన్నారట. వచ్చే బుధవారం కలుపు తీసే పని దొరికింది. ఆమె పోలేదు. అసలు ఆ మాటే తప్పు. నెలలు దాటినంత మాత్రాన టీకా దాటిపోదు. పెంటావాలెంట్ ఏడాది లోపు ఒక్క డోసు పడి ఉంటే మిగతావి తర్వాత పూర్తి చేయొచ్చు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఎమ్మార్ ఐదేళ్ల దాకా వేయొచ్చు. ఆ రోజే వేసి పంపి ఉంటే ఆ బిడ్డకు తట్టు పోసేదే కాదేమో.

ఇక్కడే చదువు సంగతి కూడా వస్తుంది. తల్లి చదువుకు, బిడ్డ బతుక్కు ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. ఆస్ట్రేలియా జనాభా శాస్త్రవేత్త జాన్ కాల్డ్‌వెల్ 1979లోనే నైజీరియా లెక్కలతో చూపించారు. ఆదాయాన్ని, తండ్రి ఉద్యోగాన్ని పక్కన పెట్టి చూసినా తల్లి చదువు బిడ్డ ప్రాణం మీద విడిగా పనిచేస్తుందని ఆయన తేల్చారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలూ ప్రతిసారీ అదే చెప్తున్నాయి, తల్లి చదివిన ఏళ్లు పెరిగే కొద్దీ పూర్తి టీకాలు పడిన పిల్లలు పెరుగుతారని. 2019–21 సర్వేలో దేశం మొత్తం మీద పూర్తి టీకాలు పడిన పిల్లలు 76.4 శాతం. మిగిలిన ఆ నాలుగో వంతు ఎవరి పిల్లలో మనకు తెలుసు.

చదువు అంటే సైన్సు పాఠాలు గుర్తుండటం అని నేను అనుకోవడం లేదు. పదో తరగతి దాకా చదివిన తల్లి కౌంటర్ ముందు నిలబడి “మరి ఇప్పుడు ఏది వేస్తారు, తర్వాత ఎప్పుడు రావాలి” అని అడుగుతుంది. ఆమెను అక్కడివాళ్లు “అమ్మా” అని పిలుస్తారు. చదువురాని తల్లిని అలా పిలవరు. ఆమె కూడా ఎదురు అడగదు, కొంగు సర్దుకుని బయటికి వస్తుంది. ఒకే రూము, ఒకే ఫ్రిజ్జు, ఒకే సూది. ఒకామె బిడ్డకు రక్షణ దొరుకుతుంది, ఇంకొకామె బిడ్డకు దొరకదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకీ తక్కువ. ఆ రోజు అక్షరం రాని ఆడపిల్లలే ఇవాళ్టి తల్లులు.

తిండి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, క్షమించండి. క్లాసులో, ఒంట్లో రోగక్రిములను అడ్డుకునే యాంటీబాడీ అంటే ఏమిటని అడిగితే పిల్లలు “ప్రొటీను” అని టక్కున చెప్తారు. ఆ ప్రొటీను ఎక్కడి నుంచి రావాలి అంటే ఆలోచనలో పడతారు. బిడ్డ తిన్న పప్పు, తాగిన పాలు, తిన్న గుడ్డు, వాటి నుంచే. తిండి చాలని పిల్లల్లో థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. రోగంతో పోరాడే టీ కణాలు తయారై బయటికి వచ్చే చోటు అది. క్షయ క్రిమిని లోపలే అణచిపెట్టి ఉంచేది కూడా ఈ కణాలే. మన దేశంలో ఎంతోమంది ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. తిండి తగ్గితే అది లేవొచ్చు. రేకుల షెడ్డులో పదిమంది పక్కపక్కన పడుకుంటే పక్కవాళ్లకు పాకుతుంది.

దీనికి మందు తిండే అని మన దేశంలోనే రుజువైంది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో క్షయ రోగుల ఇళ్లల్లో ఉండే పదివేల మందికి పైగా మనుషుల మీద రేషన్స్ అనే పరిశోధన జరిగింది. ఫలితాలు 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చాయి. రోగులందరికీ మందులతో పాటు సరుకులు ఇచ్చారు. సగం ఇళ్లల్లో కుటుంబ సభ్యులకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్లలు ఇచ్చారు. ఆ ఇళ్లల్లో కొత్తగా క్షయ వచ్చినవాళ్లు దాదాపు 40 శాతం తగ్గారు. ఇతరులకు అంటించే రకం ఊపిరితిత్తుల క్షయ దాదాపు సగం తగ్గింది. ఇందులో కొత్త టీకా లేదు, కొత్త మందు లేదు. బియ్యం, కందిపప్పు.

సార్, ఈ కంది ఎక్కడ పండుతుంది? నారాయణపేట మార్కెట్ యార్డుకు సీజన్లో వచ్చి చూడండి, కందుల రాశుల మధ్య నడవడానికి దారి ఉండదు. ఆ కంది కోసిన చేతుల్లో మా పిల్లల తల్లుల చేతులు ఉన్నాయి. మళ్లీ అదే పప్పు కిరాణా కొట్టులో పావుకిలో లెక్కన కొనుక్కుంటారు. మా బడిలో మధ్యాహ్న భోజనంలో పప్పు వడ్డించేటప్పుడు “అడుగు నుంచి ఎయ్యి అక్కా” అని వంటమనిషిని బతిమాలే పిల్లలను రోజూ చూస్తాను. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టినప్పటి నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మా ఊళ్లలో దానివల్ల ఎంత మేలు జరిగిందో కళ్లారా చూశాను, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. అన్నం ఉంది. పక్కన పప్పు కావాలి. క్షయ రోగికి పోషణ కోసం కేంద్రం ఇచ్చే డబ్బు నెలకు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అది ఖాతాలో పడుతుంది. ఇంట్లో మిగతావాళ్లకు సరుకులివ్వాలంటే మాత్రం నిక్షయ్ మిత్ర పేరుతో దాతలు ముందుకు రావాలి. దాత దొరకని తండాలో ఏం చేయాలి?

పేదరికం టీకా బలాన్ని కూడా తగ్గిస్తుంది. ఇది చాలామందికి తెలియదు, చదువుకున్నవాళ్లకు కూడా. మన హైదరాబాద్‌లో తయారైన రోటావైరస్ చుక్కల టీకాను మన దేశంలో పరీక్షించినప్పుడు, తీవ్రమైన రోటా విరేచనాల నుంచి మొదటి ఏడాది దాదాపు 56 శాతం రక్షణ వచ్చింది. ధనిక దేశాల్లో రోటా టీకాలు 85 శాతం పైనే కాపాడతాయి. పేదదేశాల్లో ఏ కంపెనీ చుక్కలు వేసినా రక్షణ తక్కువే. మురికి నీళ్లు, మాటిమాటికి విరేచనాలు, ఎప్పుడూ వాచి ఉండే పేగులు, తక్కువ తిండి, వీటివల్ల నోట్లో వేసిన చుక్కలు పూర్తిగా పట్టవని శాస్త్రవేత్తలు అంటున్నారు. పోలియో చుక్కల విషయంలోనూ ఇదే చూశాం. ఉత్తరప్రదేశ్‌లో ఒక్కో డోసు రక్షణ మిగతా దేశంలో కంటే సగానికి తక్కువ ఉండటం వల్లే అక్కడ పిల్లలకు మళ్లీమళ్లీ చుక్కలు వేయాల్సి వచ్చింది. 56 శాతమైనా అది వేల ప్రాణాలు, కాబట్టి ప్రతి బిడ్డకూ ఆ చుక్కలు పడాల్సిందే. నేను అడిగేది, తండాకు మంచినీళ్ల పైపు వేసే ఇంజనీరు కూడా టీకా పనిలో భాగమే అని మీరు చూడాలని.

తట్టు గురించి ఒక్క మాట. పోసి పోయింది, బతికాడు కదా అనుకుంటాం. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందు, తర్వాత పరీక్షించిన ఫలితాలు 2019లో వచ్చాయి. అంతకు ముందు ఇతర జబ్బుల మీద వాళ్ల ఒంట్లో ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. అంటే ఒంటికి అప్పటిదాకా గుర్తున్నది తట్టు మరిపిస్తుంది. కడుపునిండా తినే దేశపు పిల్లలకే అలా జరిగితే, జొన్నగటకతో పెరిగిన మా బిడ్డ మళ్లీ ఆ యాంటీబాడీలన్నీ దేనితో కూడబెట్టుకోవాలి? దవాఖాన నుంచి వచ్చాక రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి వాడికి. చెంపలు లోపలికి పోయాయి. వాళ్ల అక్క బడికి వస్తుంది కానీ మనసు ఇంటి దగ్గరే ఉంటుంది.

జనం మారాలి, చదువుకోవాలి, అప్పుడే ఇవన్నీ అవుతాయి అనేవాళ్లకు నేను పోలియోను గుర్తుచేస్తాను. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియాకు పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. అప్పటికి తల్లులందరికీ చదువు వచ్చేసిందా? రాలేదు. చుక్కల డబ్బా పట్టుకున్న మనిషి బస్టాండులో నిలబడ్డాడు, రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు, ఇటుక బట్టీల్లోకి, సైట్లలోకి వెళ్లాడు. గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు, బిడ్డ చిటికెన వేలికి సిరా రాశాడు. ఆ సిరా చదవడానికి అక్షరాలు అవసరం లేదు. 2017 ఆగస్టులో ఎమ్మార్ టీకా కార్యక్రమం బడుల్లోనే పెట్టినప్పుడూ అంతే. వాట్సాప్‌లో వచ్చిన పుకార్లకు కొందరు తండ్రులు భయపడితే మేమే ఇళ్లకు పోయి మాట్లాడాం. ఆ రోజు బడికి వచ్చిన పిల్లలకు చదువురాని ఇంటివాళ్లని తేడా రాలేదు, కూలివాళ్లని తేడా రాలేదు. కరోనా అప్పుడు దీనికి ఉల్టా చూశాం. 2021 మే నెలలో ఫోన్లో స్లాటు బుక్ చేసుకోవాలన్నారు. స్మార్ట్‌ఫోను, ఓటీపీ, నెట్ సిగ్నల్ ఉన్నవాళ్లకు ముందు పడింది. జూన్ 21 తర్వాత నేరుగా వస్తే చాలు అన్నాకే మా ఊళ్లో వరుస కదిలింది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. వలస ఎప్పుడు పోతారో, ఏ బస్సులో పోతారో, ఏ మేస్త్రీ తీసుకుపోతాడో మన ఊళ్లలో అందరికీ తెలుసు. కోస్గి, మద్దూరు, మక్తల్, దామరగిద్ద దిక్కు బస్సులు కదిలే చోట ఆ నెలంతా ఒక నర్సమ్మను, ఒక టీకా పెట్టెను కూర్చోబెట్టండి. కురుమూర్తి జాతరకు అందరూ వస్తారు, అక్కడ పెట్టండి. పీర్ల పండుగకు ఊరు నిండుతుంది, ఆ వారం బుధవారం శనివారం అని చూడకుండా సాయంత్రం పూట, కూలి నుంచి వచ్చాక వేయండి. మేస్త్రీ దగ్గర ఐదేళ్ల లోపు పిల్లల పేర్లు రాయించుకుని, వాళ్లు పోయే చోటి అధికారులకు పంపండి. యూ-విన్ అని టీకాల లెక్క రాసే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది కదా, రాష్ట్రం దాటినా బిడ్డ వివరాలు కనపడాలి. కార్డులో టీకా పడిన గడి మీద ఒక రంగు ముద్ర వేయండి. ఎర్ర ముద్ర ఉంటే అయినట్టు, లేకపోతే కానట్టు. ఇంత చిన్న సంగతి నాకు ఆ తల్లి చెప్పేదాకా తట్టలేదు, మీకూ తట్టి ఉండదు. మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో వాళ్ల వాడల్లోని కార్డులన్నీ చదివించే పని నేను చేస్తాను, మా తోటి టీచర్లు కూడా చేస్తారు. ఒక్క సర్క్యులర్ ఇవ్వండి చాలు. క్షయ రోగి ఉన్న ప్రతి ఇంటికీ, దాతలు దొరికినా దొరక్కపోయినా, మన మార్కెట్‌లో మన రైతు దగ్గర కొన్న కందిపప్పు ఆరు నెలలు ఇవ్వండి. నెలవారీ సమీక్షలో జిల్లా మొత్తానికి ఒక శాతం చూసి సంతోషపడకుండా, తండాలవారీగా, వలస పోయిన ఇళ్లవారీగా, తల్లి చదివిందా లేదా అనేదాని ప్రకారం విడగొట్టి లెక్క తెప్పించుకోండి. ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.

మా స్టూడెంట్ తమ్ముడికి ఆగిపోయిన టీకాలు ఇప్పుడు మళ్లీ మొదలయ్యాయి. పెంటావాలెంట్ రెండో డోసు, ఎమ్మార్ మొదటి డోసు మొన్న శనివారం పడ్డాయి. కార్డులో వాటి తేదీలను వాళ్ల అక్క తల్లికి వేలు పట్టి చూపించింది. తర్వాతి డోసులు నాలుగు వారాలకు. మేస్త్రీ దీపావళికే వచ్చి అడ్వాన్సు ఇచ్చి పోయాడు, బస్సు ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. ఈసారి పూణె కాదట, ముంబై దగ్గర ఎక్కడో, పేరు వాళ్లకూ సరిగ్గా తెలియదు. ఆ డోసులు ఎక్కడ, ఎవరు వేస్తారో పన్నెండు రోజుల్లోపు నాకు తెలియజేయండి. నేను పోయి ఆ తల్లికి చెప్తాను.

ఇట్లు,
జీవశాస్త్రం టీచర్,
ఒక జిల్లా పరిషత్ హైస్కూల్, నారాయణపేట జిల్లా